ప్రీతిని ఎవరడిగారు?

తెలుగు సినిమా ‘అర్జున్ రెడ్డి’ 2017 ఆగస్టు 25న విడుదలైంది. ఆ రోజుల్లోనే కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు హైదరాబాద్‌లో బస్సుకు అంటించిన ముద్దు పోస్టరును చించేశారు. గొడవంతా ఆ ముద్దు మీదే నడిచింది. బీదర్‌లో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పే నేను మాత్రం ఆ సినిమాను ఇంకో చోట ఆపుతాను.

జహీరాబాద్, నారాయణఖేడ్ నుంచి వచ్చి ఇక్కడ గదుల్లో ఉండి చదువుకునే తెలుగు పిల్లలు ఆదివారాలు మా ఇంటికి వస్తారు. వాళ్లకు ఆ సినిమా చూపిస్తాను. అది ‘ఎ’ సర్టిఫికెట్ సినిమా, కాబట్టి పద్దెనిమిది నిండినవాళ్లనే కూర్చోబెడతాను. మంగళూరు మెడికల్ కాలేజీలో సీనియర్ అర్జున్ జూనియర్ల క్లాసులోకి వచ్చి, వాళ్లలో ఒకరైన ప్రీతి తనదని, ఎవరూ ఆమె జోలికి రావద్దని చెబుతాడు. అక్కడ ఆపి తలా ఒక చీటీ ఇస్తాను. పేరు రాయక్కర్లేదు. ప్రీతి మనసులో ఏముందో రాస్తే చాలు.

‘భయం. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారు’ అని ఒక చీటీలో ఉంది. ‘నేనలా చెయ్యకపోతే నువ్వు మగాడివేనా అంటారు’ అని ఇంకో చీటీలో ఉంది. అడిగింది ప్రీతి గురించే, రాసింది మాత్రం వాళ్ల గురించి. తమ సంగతి నేరుగా చెప్పలేని పిల్లలు పాత్ర పేరు మీద చెప్పేస్తారు.

సినిమాలో తర్వాత ఇద్దరూ ప్రేమించుకున్నాక, ప్రీతి తండ్రి కులం పేరుతో అర్జున్‌ను కాదంటాడు. తేల్చుకోమని అర్జున్ ఆమెకు ఆరు గంటలు గడువు పెడతాడు. ఒకరంటే ఒకరికి పడని ఆ ఇద్దరూ ఆమె మీద ఒత్తిడి పెట్టడంలో మాత్రం ఒకటే.

కులం కథ ఇక్కడ కొత్తది కాదు. మా జిల్లా బసవకల్యాణంలోనే, పన్నెండో శతాబ్దంలో వేర్వేరు కులాలవాళ్లైన హరళయ్య కొడుక్కి, మధువరసు కూతురికి పెళ్లి చేశారని, అందుకు ఆ తండ్రులిద్దరినీ చంపించారని బసవేశ్వరుని అనుచరులైన శరణుల కథలు చెబుతాయి. 2016లో నాగరాజ్ మంజులే తీసిన మరాఠీ ‘సైరాట్’లోనూ కులం దాటి పెళ్లాడిన జంటను అమ్మాయి పుట్టింటివాళ్లే చంపుతారు. ఇష్టపడిన ఇద్దరు మేజర్లు పెళ్లి చేసుకుంటే కుటుంబానికీ, కుల పంచాయతీకీ అడ్డుపడే హక్కు లేదని 2018 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఈ తీర్పు సంగతి పిల్లలకు తప్పకుండా చెబుతాను. చాలామంది వినడం అదే మొదటిసారి.

ఇలాంటి సినిమాలు చూడొద్దంటే పిల్లలు ఫోన్‌లో ఒంటరిగా చూస్తారు. అమ్మానాన్నలకు నా మనవి ఒకటే. పెద్దయిన పిల్లలతో కలిసి చూడండి. ‘నువ్వెవరినైనా ప్రేమిస్తున్నావా?’ అని నిలదీయకండి. ‘ఆ అమ్మాయి ఏం చేసుంటే బాగుండేది?’ అని అడగండి. వాళ్లు చెప్పినంతసేపూ అడ్డు తగలకుండా వినండి. రేపు నిజంగా కష్టమొస్తే ముందు మీ దగ్గరికే వస్తారు.