కొత్త జట్టు, మొదటి మూర

మనవలూ, మన ఆమదాలవలస పిల్లలు ఎంతోమంది శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి విశాఖ సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు వెళ్తున్నారు. చేరిన రోజునే చెవిన పడే మాట ‘ఎజైల్ టీమ్’. మరి కొత్తగా కూడిన జట్టు మొదట ఏం చెయ్యాలి? ఈసారి ఆ కబురు చెప్పుకుందాం.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని స్నోబర్డ్ అనే చోట 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చుని ఈ ఎజైల్ పద్ధతికి నాలుగు విలువలు రాశారు. సారం చెప్పనా? ఏడాదంతా తలుపులేసుకుని కట్టి చివర్లో చూపించొద్దు. కొంచెం కొంచెంగా పనిచేసే సరుకు ఇస్తూ, వాడేవాళ్ల మాట వింటూ సరిదిద్దుకోండి.

దీని వెనక సంగతి తెలియాలంటే దూసి ఊరు దాటి పొందూరు వెళ్లాలి. అక్కడ గింజపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, వడికి, నేస్తారు. దువ్వడంలో మిగిలిన నలక వడికేటప్పుడు దారం తెంపుతుంది. నూలులో తేడా మగ్గం మీద బయటపడుతుంది. ఒక చోట జరిగిన పొరపాటు కనబడేది తర్వాతి చేతిలోనే! అందుకే బస్తా పత్తి ఏకేసి కూర్చోకుండా, ముందు గుప్పెడు పత్తిని మగ్గం దాకా నడిపి ఒక మూర గుడ్డ చూసుకోవాలి.

కొత్త జట్టుకూ అదే మొదటి అడుగు. ధాన్యం డబ్బు పడిందో లేదో రైతు చూసుకునే యాప్ కడుతున్నారనుకోండి. మొదటి రెండు వారాల పని విడతలో, అంటే స్ప్రింట్‌లో, రంగులూ హంగులూ వద్దు. రైతు నంబరు కొడితే ‘పడింది’, ‘పడలేదు’ అని ఒక్క ముక్క రావాలి. కానీ అది తెర నుంచి డేటాబేస్ దాకా నిజంగా నడవాలి.

అంతకంటే ముందు ‘పని అయింది’ అంటే ఏమిటో అందరూ కలిసి రాసుకోండి. కోడ్ రాయగానే అయినట్టా, టెస్టింగ్ కూడా అయ్యాకనా? ఇది తేల్చుకోకపోతే రోజూ తగువే.

జట్టు పదిమందికి మించకపోతే మేలు. అయిదుగురుంటే ఇద్దరిద్దరి మధ్య మాటల దారులు 10, పదిమందైతే ఏకంగా 45! ఫ్రాన్స్‌లో రింగెల్‌మాన్ అనే వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత తాడు లాగించి చూశాడు. మంది పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గింది. 1913లో ఆ లెక్కలు అచ్చువేశాడు.

రోజూ పావుగంట నిలబడి మాట్లాడుకోండి. అది మేనేజరుకు అప్పజెప్పే పాఠం కాదు. ఎవరి పని ఎక్కడ ఆగింది, ఎవరు చెయ్యి వెయ్యగలరు, అంతే. స్ప్రింట్ చివర ఏది బాగుంది, ఏది మార్చాలి అని కూర్చుని, మార్చేది ఒక్కటే ఎంచుకోండి.

మొదట్లో మాటామాటా వస్తుంది, బెంగపడకండి. కూడడం, కొట్లాడుకోవడం, కుదురుకోవడం, పని సాగడం అని టక్‌మన్ అనే మనస్తత్వవేత్త 1965లోనే నాలుగు దశలు చెప్పాడు. రెండో దశకు భయపడి నోరు మూసుకుంటే మూడోది రాదు.

రెండు వారాలకు తయారైనది ఎంత చిన్నదైనా ఒక రైతు చేతిలో పెట్టండి. పక్కన నిలబడి చెప్పకండి, ఆయన వేలు ఎక్కడ ఆగిందో చూడండి. రెండో స్ప్రింట్ పని అక్కడే ఉంది.