ఊరికొచ్చిన అతిథికి ఏం చూపిద్దాం?



రెండేళ్ల క్రితం మా ఇంట్లో పెళ్లికి గుంటూరు నుంచి బావగారి కుటుంబం వచ్చింది. మూడు రోజులున్నారు. బట్టల దుకాణాలు తిప్పాం, బిర్యానీ, డబల్ కా మీఠా తినిపించాం, చుట్టాలందరి ఇళ్లకూ తీసుకెళ్లాం. తిరుగు ప్రయాణం రోజు రైల్వే ప్లాట్‌ఫాం మీద నిలబడి బావగారు ఒక మాట అడిగారు: "తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలో చార్మినార్ చుట్టూ ఒక తోరణం ఉంటుందే, అది మీ ఊళ్లోదేనట కదా. చూపించనే లేదేం?" నా దగ్గర జవాబు లేదు. ఆ తోరణం మా ఇంటి నుంచి ఆటోలో పావుగంట దూరం. నేను దాన్ని చివరిసారి చూసింది బడిపిల్లాడిగా ఉన్నప్పుడు.

మనలో చాలామంది పరిస్థితి ఇదే అనుకుంటాను. పెళ్లిళ్లకు, ఉర్సుకు, మన సంస్థ వార్షిక సభకు ఎక్కడెక్కడి నుంచో బంధుమిత్రులు వస్తారు. ఊళ్లో చూడదగ్గవి ఏమున్నాయని అడిగితే తడుముకుంటాం. రెండు రోజుల్లో హాయిగా చూపించదగిన స్థలాలను, హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవారికి ఎదురయ్యే వరుసలో ఇక్కడ చెబుతాను. ఎండ తక్కువగా ఉండే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈ ప్రయాణానికి అనుకూలం.

కాజీపేట: పేరులోనే చరిత్ర

ముందు వచ్చేది కాజీపేట. ఈ ఊరి పేరు ఖాజీ అనే మాట నుంచి వచ్చింది. నిజాం పాలనలో వరంగల్ ఖాజీగా పనిచేసిన హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ దర్గా ఇక్కడే ఉంది. ఆయన 1856లో పరమపదించారు. ఏటా సఫర్ నెలలో జరిగే ఉర్సుకు అన్ని మతాలవారూ వస్తారు. అతిథికి ముందుగా ఇది చూపిస్తే, మన ఊళ్లో మనుషులు ఎలా కలిసి బతుకుతున్నారో చెప్పినట్టవుతుంది. మిగతా స్థలాలను ఆ తర్వాత ఏ సంకోచమూ లేకుండా చూపించవచ్చు.

హనుమకొండ: వెయ్యి స్తంభాల గుడి

కాజీపేట దాటితే హనుమకొండ. కాకతీయులు ఓరుగల్లుకు మారకముందు వారి రాజధాని ఇదే. వెయ్యి స్తంభాల గుడిని కాకతి రుద్రదేవుడు కట్టించాడు. ఆవరణలో ఉన్న శాసనం 1163 నాటిది. కాకతీయులు చాళుక్యుల సామంతులుగా ఉండటం మాని స్వతంత్రులైన కాలం అది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుడులు ఉండటంతో దీన్ని త్రికూటాలయం అంటారు. నల్లరాతి నందిని చేత్తో తాకి చూడండి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి నునుపు ఇంకా పోలేదు.

కిందటి శీతాకాలం మా మేనల్లుడిని తీసుకెళ్లాను. పన్నెండేళ్లవాడు. గేటు దగ్గర ఆగి మెల్లగా అడిగాడు: "మామూ, మనల్ని లోపలికి రానిస్తారా?" నేను జవాబు చెప్పేలోపే అక్కడ కూర్చున్న పెద్దమనిషి నవ్వి, "చెప్పులు అక్కడ విడిచి రా బేటా" అన్నాడు. అంతే. కానీ ఆ ప్రశ్న నన్ను ఇంటిదాకా వెంటాడింది. ఇదే ఊళ్లో పుట్టిన పిల్లవాడికి ఆ అనుమానం ఎందుకు వచ్చింది? ఎవరూ కాదన్నందుకు కాదు, మనం ఎప్పుడూ తీసుకెళ్లనందుకు.

గుడి ఎదుట ఉన్న కల్యాణ మండపం కథ అతిథికి తప్పక చెప్పాలి. అది కుంగిపోతుంటే పురావస్తు శాఖవారు రాయి రాయికీ గుర్తులు వేసి, మొత్తం విప్పి, పునాది నుంచి మళ్లీ కట్టారు. ఆ పని ఏళ్ల తరబడి సాగింది. 2024 మార్చిలో మండపం తిరిగి తెరుచుకుంది. ఒక కట్టడాన్ని కట్టడానికి ఎంత ఓపిక కావాలో, నిలబెట్టడానికీ అంతే ఓపిక కావాలని దాన్ని చూస్తే తెలుస్తుంది.

దగ్గరలోనే పద్మాక్షి గుట్ట ఉంది. అక్కడి బండ మీద జైన తీర్థంకరుల శిల్పాలు చెక్కి ఉన్నాయి. 1117 నాటి శాసనం అక్కడ ఒక జైన బసది ఉండేదని చెబుతుంది. ఆ పక్కన భద్రకాళి చెరువు, గట్టు మీద అమ్మవారి గుడి. సాయంత్రం చెరువు గట్టున కాసేపు కూర్చుంటే అతిథులకూ ప్రయాణపు అలసట తీరుతుంది.

ఓరుగల్లు కోట: దాచకుండా చెప్పవలసిన చరిత్ర

రెండో పూట కోటకు కేటాయించండి. రాతికోటను గణపతిదేవుడు మొదలుపెట్టగా ఆయన కూతురు రుద్రమదేవి పూర్తి చేయించిందని చెబుతారు. రుద్రమ 1262 నుంచి 1289 దాకా పాలించింది. లోపల రాతిగోడ, దాని చుట్టూ నీటి కందకం, ఇంకా బయట మట్టిగోడ. రాతిగోడకు 45 బురుజులున్నాయి. పెద్ద పెద్ద రాళ్లను సున్నం లేకుండా ఒకదానిలో ఒకటి ఇమిడేలా పేర్చారు. కోట ద్వారాలు నేరుగా ఉండవు, మలుపు తిరిగి వెళ్లాలి. శత్రువుల ఏనుగులు వేగంగా వచ్చి తలుపును ఢీకొనకుండా ఆ ఏర్పాటు. కోట లోపల ఇప్పటికీ జనం కాపురముంటున్నారు, పొలాలు దున్నుకుంటున్నారు.

కోట నడిమధ్యన నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలబడి ఉంటాయి. బావగారు అడిగిన తోరణం ఇదే. వాటి మధ్యలో ఒకప్పుడు స్వయంభూ శివాలయం ఉండేది. 1323లో ఢిల్లీ నుంచి ఉలుగ్ ఖాన్ సేనతో వచ్చి కోటను పట్టుకున్నాడు. తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాన్ అయింది ఆయనే. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. ఆ గుడిని పడగొట్టారు. ఆ స్థలంలో మసీదు కట్టారని పరిశోధకులు గుర్తించారు. నేడు అక్కడ గుడీ నిలిచి లేదు, మసీదూ నిలిచి లేదు. తోరణాలు నిలిచాయి.

ఈ సంగతిని అతిథికి దాచకుండా చెప్పాలని నా మనవి. మనం దాచితే వేరొకరు దాన్ని వేరే గొంతుతో చెబుతారు. రాజ్యం కోసం యుద్ధాలు చేసిన సుల్తానుల పని సుల్తానులది. దాన్ని వెనకేసుకురావలసిన అవసరం మనకు లేదు, దానికి తలవంచుకోవలసిన అవసరమూ లేదు. నిజం చెప్పేవాడి మాటకే విలువ ఉంటుంది.

అక్కడి నుంచి కొద్ది అడుగుల్లో ఖుష్ మహల్ కనిపిస్తుంది. సుమారు 38 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు ఉన్న పెద్ద దర్బారు భవనం. గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. ఢిల్లీలో తుగ్లక్‌ల కట్టడాలు చూసినవారికి ఈ వాలు వెంటనే గుర్తుకొస్తుంది. అందుకే దీన్ని తుగ్లక్‌ల కాలపు కట్టడమని పలువురు పరిశోధకులు భావిస్తారు. జనం మాత్రం షితాబ్ ఖాన్ మహల్ అంటారు.

ఈ షితాబ్ ఖాన్ కథ చాలామందికి తెలియదు. 16వ శతాబ్దం మొదట్లో వరంగల్‌ను ఏలిన ఈయన అసలు పేరు సీతాపతి. బహమనీల కొలువులో షితాబ్ ఖాన్ అనే బిరుదు పొందాడు. కోటలో దొరికిన 1504 నాటి శాసనం, అంతకుముందు తొలగించిన దేవతామూర్తులను ఆయన తిరిగి ప్రతిష్ఠించాడని చెబుతుంది. పేరు పారశీకం, మనిషి తెలుగువాడు, కూర్చున్నది తుగ్లక్ శైలి భవనంలో, నిలబెట్టింది కాకతీయుల దేవతను. మన ఊరి చరిత్రను ఒక్క ముక్కలో చెప్పమంటే నేను ఈయన పేరే చెబుతాను. తర్వాత గోల్కొండ సుల్తాన్ కులీ ఈయనను ఓడించి వరంగల్‌ను తన రాజ్యంలో కలుపుకున్నాడు.

రామప్ప: కట్టినవారు, కాపాడినవారు

రెండో రోజు పొద్దున్నే ములుగు జిల్లా పాలంపేటకు బయలుదేరాలి. వరంగల్ నుంచి 70 కిలోమీటర్ల లోపే. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శాసనం 1213 నాటిది. 2021 జూలైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. తెలంగాణలో ఆ గౌరవం దక్కిన తొలి కట్టడం ఇదే. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. పునాదిలో ఇసుక నింపారు. చూరు కింద నల్లరాతి నాగినులు, నర్తకీమణులు. వారి నగల కింద పడే నీడను కూడా శిల్పి చెక్కాడు.

ఇక్కడ ఒక పేరు తలుచుకోవాలి. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను ఏర్పాటు చేసి, దాన్ని గులాం యజ్దానీ చేతిలో పెట్టింది. అప్పటికి రామప్ప గుడి అడవిలో శిథిలమవుతూ ఉంది. ఆ శాఖ మరమ్మతులు చేపట్టింది. యజ్దానీ పాలంపేట గుళ్ల మీద రాసిన గ్రంథం 1922లో అచ్చయింది. అజంతా చిత్రాలను ప్రపంచానికి చూపించిన సంపుటాలూ ఆయనవే. 1959లో పద్మభూషణ్ అందుకున్నారు. ఒక ముస్లిం విద్వాంసుడు శివాలయపు శిల్పాలను ఒక్కొక్కటిగా లెక్కరాసి, పడిపోకుండా నిలబెట్టే పనికి పూనుకున్నాడు. అది ఆయన తన చేతికి వచ్చిన అమానత్ అనుకున్నాడు. యునెస్కో పలక ముందు నిలబడినప్పుడు మన పిల్లలకు ఆ పేరు కూడా చెప్పండి.

చెరువులు, తివాచీలు

రామప్ప గుడి పక్కనే రామప్ప చెరువు. పాకాల, లక్నవరం చెరువులూ కాకతీయుల కాలానివే. ఈ చెరువుల కింద ఇప్పటికీ పంటలు పండుతున్నాయి. గుడికి ఎంత ఖర్చు పెట్టారో చెరువుకూ అంత శ్రద్ధ పెట్టిన కాలం అది. మన మాటలో చెప్పాలంటే సదఖా జారియా. చేసినవారు పోయి ఎనిమిది వందల ఏళ్లయినా పుణ్యం ప్రవహిస్తూనే ఉంది. అయితే పూడిక తీయకపోతే ఏ చెరువైనా నిండిపోతుంది. 2015లో రాష్ట్ర ప్రభుత్వం 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని మొదలుపెట్టిన పథకానికి కాకతీయుల పేరే పెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు వరంగల్ కొత్తవాడలో ఆగండి. మొగలుల సేనల వెంట దక్కనుకు వచ్చిన నేతగాళ్ల నుంచి ఇక్కడ తివాచీల పని వచ్చిందని చెబుతారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు ఉన్నాయి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గం దగ్గర పది నిమిషాలు నిలబడి, ఒక జంపఖానా కొని అతిథికి ఇవ్వండి. ఊరి గుర్తూ ఉంటుంది, నేతగాడి ఇంట్లో పొయ్యీ వెలుగుతుంది.

పరదేశికి ఇచ్చిన మాట

కాకతీయుల రేవు మోటుపల్లి, నేటి బాపట్ల జిల్లాలో ఉంది. అక్కడ 1244లో గణపతిదేవుడు ఒక అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానులో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును లాక్కునేవారు. తాను అలా చేయనని, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన సముద్రవ్యాపారులకు మాట ఇచ్చాడు. కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగుదంతం మోసుకొచ్చే ఆ ఓడలు ఎన్నో దేశాలవి. సుమారు యాభై ఏళ్ల తర్వాత చైనా నుంచి సముద్రమార్గంలో తిరిగి వెళ్తున్న మార్కోపోలో ఈ రాజ్యం గురించి రాశాడు. వివేకవంతురాలైన రాణిని, వజ్రాలను, సాలెగూడంత సన్నని బట్టలను పేర్కొన్నాడు. ఆ రాణి రుద్రమదేవేనని చరిత్రకారులు అంటారు. దూరదేశపు బాటసారి కూడా గుర్తుపెట్టుకున్న ఊరిని, ఊళ్లోవాళ్లమే మరిచిపోతే ఎలా?

పెద్దలకు నా కోరికలు చిన్నవే. ఒకటి, మీ ఇంటికి వచ్చిన అతిథి కోసం ఒక పూట కోటకు కేటాయించండి, మీ పిల్లలనూ వెంట తీసుకెళ్లండి. రెండు, స్తంభాల మీద పేర్లు చెక్కేవారిని చూస్తే మెత్తగానైనా వారించండి. మూడు, మన పాత మసీదుల్లో, ఖబ్రస్తాన్లలో ఉన్న శిలాఫలకాలపై సున్నం వేయించేముందు వాటి ఫొటో తీయించండి, చదవగలిగినవారిని పిలవండి. అవీ ఈ ఊరి చరిత్రే.

నాలుగోది దాతలకు. సాయంతో చదువుకుంటున్న పిల్లల్లో కోట చూడనివారు, రామప్ప పేరు వినడమే తప్ప వెళ్లనివారు చాలామంది ఉంటారు. ఒక బస్సు, ఒక పూట భోజనం, చరిత్ర తెలిసిన ఒక మాస్టారు. ఒక్కో దాత ఒక్కో రోజు ఖర్చు పెట్టుకుంటే చాలు. ఏ గుమ్మం ముందైనా నిలబడి "మనల్ని రానిస్తారా?" అని అడిగే పిల్లవాడు మన ఊళ్లో ఉండకూడదు. ఇన్షా అల్లాహ్, వచ్చే ఏటి సంచికలో ఆ పిల్లలే తాము చూసినవాటి గురించి రాస్తారు.

బావగారు ఈ డిసెంబరులో మళ్లీ వస్తున్నారు. ఈసారి స్టేషన్ నుంచి నేరుగా కోటకే.