పుదుచ్చేరి చేదు నుంచి పోప్ మెచ్చిన వైన్ దాకా

డాక్టరు చీటీ అడిగేవారే లేరు. డబ్బిస్తే చాలు, సీసా చేతిలో! ఒకప్పటి మందుల షాపుల్లో రికార్డులు కొట్టిన సరుకులు ఇవి.

చేదులో మహారాజు దక్షిణాదిన ఫ్రెంచివాళ్ల టించర్ ‘ద్రోగ్ అమేర్’. రూమీ మస్తకి, సాంబ్రాణి, గుగ్గిలం, బోళం, ముసాంబరం, నేలవేము వేరు... మొత్తం ఆరు దినుసులు. అన్నిటినీ బ్రాందీలో నెల్లాళ్లు నానేసి, వడగట్టి, సీసాలకెత్తేవారు. ఆరింటిలో మూడు నోట పెట్టలేనంత చేదు. అయినా అజీర్తికి దానికదే సాటి!

ఆ ఫ్రెంచివాళ్ల పుదుచ్చేరిలో సిసలైన విజేత మాత్రం లెపీన్. ఆ ఊళ్లో ఫార్మసిస్టు. 1855లో మన సరస్వతి ఆకు మీద పరిశోధన చేసి, నూనెలా ఉండే ఒక చేదు పదార్థం రాబట్టాడు. పేరు ‘వెల్లరిన్’. వంద కిలోల ఎండుమొక్కలో అది ఉండేది మహా అయితే ఒక్క కిలో! అంతకు మూడేళ్ల ముందే మారిషస్‌లో బొయిలో అనే డాక్టరు ఈ ఆకును కుష్ఠురోగానికి సిఫారసు చేశాడు. 1880ల కల్లా ఫ్రాన్సు దీన్ని మందుగా గుర్తించింది. చెరువుగట్టున పాకే మొక్కకు అంత దూరాన పీట వేయించిన లెపీన్ పేరు ఇంకా గట్టిగా వినిపించాలి.

మత్తులో తిరుగులేనిది ‘క్లోరోడైన్’. నల్లమందు, గంజాయి, క్లోరోఫాం: మూడూ ఒకే బుడ్డిలో! బ్రిటిష్ ఇండియా సైన్యంలో డాక్టరు జాన్ కాలిస్ బ్రౌన్ 1848లో కలరాకు విరుగుడుగా కలిపాడు. ఇంటింటా దగ్గుకూ, విరేచనాలకూ, నిద్ర పట్టకపోయినా అదే.

పలుకుబడిలో మొదటి బహుమతి ‘వాఁ మరియాని’ది. 1863లో పారిస్‌లో పుట్టింది. బోర్దో వైన్‌లో కోకా ఆకులు నానబెట్టిన టానిక్. లీటరుకు కొకైన్ సుమారు 200 మిల్లీగ్రాములు. సాక్షాత్తు పోప్ 13వ లియో బంగారు పతకం ఇచ్చాడు!

పతనంలో అందరికన్నా వేగం హెరాయిన్‌ది. 1898లో బేయర్ కంపెనీ దగ్గుమందుగా అమ్మకానికి పెట్టింది. 1913కల్లా తయారీ బంద్. పట్టుమని పదిహేనేళ్లు!

ఎదుగుదలలో కోకా కోలాను కొట్టేది లేదు. 1886లో అట్లాంటా ఫార్మసిస్టు పెంబర్టన్ సృష్టి. గ్లాసు 5 సెంట్లు. తొలి ఏడాది అమ్మకం రోజుకు సగటున 9 గ్లాసులు. ఇప్పుడు ఆ కంపెనీ పానీయాలు రోజుకు 190 కోట్ల పైమాటే!

అతి చిన్న వయసు ఖాతాదారులు గ్రైప్ వాటర్‌వి. 1851 నాటి ఉడ్‌వర్డ్ సూత్రంలో ఆల్కహాల్ 3.6 శాతం, అంటే తేలికపాటి బీరంత. పట్టేది ఉయ్యాల్లో పాపాయికి!

ఆయుష్షులో మనవాళ్లూ తక్కువ తినలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో పెట్టిన అమృతాంజనం నూరేళ్లు ఎప్పుడో దాటేసింది. 1920 నాటి హైదరాబాద్ ‘జిందా తిలిస్మాత్’ కూడా అంతే. తలనొప్పికి పూత, జలుబుకు వేడి టీలో నాలుగు చుక్కలు.