స్విచ్చి కట్టేసినా ఆగని ఇంజను

పాత బజాజ్ స్కూటరు ఉన్న ఇంట్లో పెరిగినవారికి ఈ తంతు బాగా తెలుసు. వానాకాలం ఉదయం, ఆఫీసు వేళ దాటిపోతున్నది, బండి కదలదు. నాన్నగారు స్కూటరును ఓ పక్కకు వంచుతారు, ప్లగ్గు విప్పుతారు, గరుకు కాగితంతో గీకుతారు, నోటితో ఊదుతారు, మళ్లీ బిగించి కిక్కు కొడతారు. పదిసార్లకు కాకపోతే పదకొండోసారికి అంటుకుంటుంది. అదీ లేకపోతే వనస్థలిపురం నుంచి సిటీబస్సు ఉండనే ఉన్నది.

అదే ఇంజను ఇంట్లో స్వంతంగా కట్టుకున్న విమానంలో ఉంటే? ఆకాశంలో సిటీబస్సు లేదు గదా!

ఇంట్లో విమానం కట్టడమేమిటి, వేళాకోళమా అనకండి. అమెరికాలో ఇలాంటి ఔత్సాహికుల కోసం 1953లో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన ఒక సంఘాన్నే స్థాపించాడు. మన దేశంలో అమోల్ యాదవ్ అనే బొంబాయి పైలటు తాను కాపురమున్న మేడమీదనే ఆరుగురు కూర్చోగల విమానాన్ని కట్టాడు. దాన్ని రిజిష్టరు చేయించుకునేసరికి 2017వ సంవత్సరం వచ్చింది. ఎగరడానికి అనుమతి 2019లో గాని దొరకలేదు. అంతెందుకు, రైటు సోదరులు 1903 డిసెంబరు 17న ఎగిరిన విమానం మాత్రం ఏ ఫ్యాక్టరీలో తయారైంది? సైకిళ్ల దుకాణంలోనే గదా! పన్నెండు గుర్రాల బలమున్న ఆ ఇంజనును చార్లెస్ టేలర్ అనే వారి మెకానిక్కు ఆరువారాల్లో చేసి ఇచ్చాడు. దాన్ని మొదలెట్టడానికి వాడిన బ్యాటరీని నేలమీదనే వదిలేసి, మేగ్నెటోతోనే ఎగిరారు.

ఈ మేగ్నెటో సంగతే అసలు కథ.

పెట్రోలు ఇంజనుకు లోపల నిప్పురవ్వ కావాలి. (మన ఆటోనగర్‌లో బారులు తీరిన లారీలకు ఈ బెడద లేదు. అవి డీజిలువి, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు భగ్గుమంటుంది.) ఆ రవ్వ కోసం దాదాపు ఇరవైవేల వోల్టుల విద్యుత్తు పుట్టించాలి. మేగ్నెటోలో ఒక అయస్కాంతం ఇంజనుతోపాటు తిరుగుతుంది, దాని పక్కన తీగచుట్ట ఉంటుంది. తీగలో ప్రవాహం బలంగా ఉన్న క్షణాన రెండు చిన్న పాయింట్లు విడిపోతాయి. ప్రవాహం హఠాత్తుగా తెగడంతో రెండో చుట్టలో వేల వోల్టులు ఎగసి ప్లగ్గు కొసన రవ్వ రాలుతుంది. జర్మనీలో రాబర్ట్ బాష్ కంపెనీలో పనిచేసే గాట్లోబ్ హోనాల్డ్ 1902లో దీన్ని ఈ రూపానికి తెచ్చాడు. దీనికి బ్యాటరీ అక్కరలేదు. విమానంలో దీపాలు ఆరిపోయినా, రేడియో మూగబోయినా, ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పైగా విమానం ఇంజనుకు ఇలాంటివి రెండు ఉంటాయి. ఒక్కొక్క సిలిండరుకు రెండేసి ప్లగ్గులు. ఒకటి చచ్చినా రెండోది ఇంటికి చేరుస్తుంది.

బాగానే ఉన్నది. మరి, బ్యాటరీయే అక్కరలేనిదాన్ని ఆపడమెలా?

ఇక్కడే చిక్కు. మన ఇంట్లో దీపం స్విచ్చికి వెళ్లే తీగ తెగితే దీపం ఆరిపోతుంది. మేగ్నెటో దగ్గర అంతా తల్లకిందులు. దాని చుట్టనుంచి ఒక తీగ స్విచ్చికి వస్తుంది. స్విచ్చి కట్టేసినప్పుడు ఆ తీగ ఇంజను లోహానికి, అంటే ఎర్తుకు, అంటుకుంటుంది. అప్పుడు పాయింట్లు విడిపోయినా ప్రవాహం తెగదు, రవ్వ పుట్టదు. ఆ తీగ ఎక్కడైనా తెగిందో, స్విచ్చి కట్టేశామని మనం అనుకుంటాం గాని మేగ్నెటో బతికే ఉంటుంది. శుభ్రం చేద్దామనో, పక్కకు జరుపుదామనో ఎవరైనా ప్రొపెల్లరు మీద చెయ్యివేసి కాస్త తిప్పితే చాలు. మెల్లగా తిప్పినా రవ్వ రావాలని మేగ్నెటోలో ఒక స్ప్రింగు పెడతారు. అది చటుక్కున విడివడి రవ్వ కొడుతుంది. సిలిండరులో మిగిలిన కాస్త పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది, ప్రొపెల్లరు గిర్రున తిరుగుతుంది. చేతులు, ప్రాణాలు పోయినది ఇలాగే. తాళంచెవి జేబులో ఉన్నా సరే, ప్రొపెల్లరును నిప్పున్న దానిలాగే చూడాలని విమానాల దగ్గర మొట్టమొదట నేర్పేది ఇందుకే.

వనస్థలిపురానికి ఎంతో దూరంలో లేని నాదర్‌గుల్‌లో విమానశిక్షణకు వాడిన చిన్న మైదానం ఉన్నది. ఇలాంటి చోట్ల కుర్రవాళ్లు ఎగిరేముందు నిలబడి ఇంజను రొద చేయడం చూసేవారు, వీళ్లకు ఇంకా ధైర్యం చాలలేదు కాబోలు అనుకుంటారు. వారు చేసేది మేగ్నెటో పరీక్ష. శిక్షణకు పేరుపడ్డ సెస్నా 152 ఉన్నది చూడండి, దాని ఇంజనును నిమిషానికి 1,700 చుట్ల దగ్గర ఉంచి, ఒక్కొక్క మేగ్నెటోను వంతులవారీగా ఆపి చూస్తారు. ఒకే ప్లగ్గు మండిస్తే మంట నెమ్మదిగా పాకుతుంది కనుక చుట్లు కొంచెం తగ్గాలి. 125కు మించి తగ్గకూడదు. రెండింటికీ మధ్య తేడా 50కి మించకూడదు. అసలేమీ తగ్గలేదనుకోండి, కొత్తవాడు భేషుగ్గా ఉందని సంతోషిస్తాడు. అనుభవజ్ఞుడు ఇంజను ఆపించేస్తాడు. ఆపిన మేగ్నెటో ఆగలేదన్నమాట. ఎర్తు తీగ తెగి ఉంటుంది!

ఇంట్లో కట్టేవాడి కష్టం దీనికి ఒక మెట్టు పైన. ఫ్యాక్టరీ ఇంజను కొనడానికి డబ్బు చాలక, వోక్స్‌వాగన్ కారు ఇంజనును విమానానికి మలచుకున్నవారు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. దానికి కారులోలాగే బ్యాటరీ, కాయిలు పెట్టారనుకోండి, న్యాయం తిరగబడుతుంది. ఇప్పుడు తీగ తెగితే ఇంజను ఆగిపోతుంది. ఆస్ట్రియావారి రోటాక్స్ 912లో చూడబోతే ఎలక్ట్రానిక్ సరంజామా ఉన్నా, దానికి విద్యుత్తు ఇంజనులోనే పుడుతుంది, ఆపడానికి మేగ్నెటోలాగే ఎర్తు చేయాలి. కొందరు ఒకవైపు మేగ్నెటో, రెండోవైపు బ్యాటరీతో నడిచే పరికరం పెడతారు. ఒకే ఇంజనుమీద రెండు తీగలు, రెండింటికీ ఎదురుబొదురు స్వభావాలు! తన విమానంలో ఏ తీగ తెగితే ఏమవుతుందో కాగితంమీద గీసి చెప్పలేనివాడు స్పానరు ముట్టుకోకపోవడం మేలు.

ఇక జబ్బు కనిపెట్టే విధానం. ఒక మేగ్నెటోమీద ఇంజను వణుకుతున్నది, రెండోదానిమీద నిక్షేపంగా ఉన్నది. అప్పుడు వణికే దానిమీదనే కాసేపు నడిపి ఆపుతారు. ఏ సిలిండరు తక్కినవాటికంటే చల్లగా ఉన్నదో చూస్తారు. ఇప్పుడు ముట్టుకోకుండానే వేడి చూపే తుపాకీలాంటి పరికరాలు వచ్చాయి. చల్లనిది దొరికితే, దాని ప్లగ్గును మరో సిలిండరు ప్లగ్గుతో మార్చి మళ్లీ నడుపుతారు. జబ్బు ప్లగ్గుతోపాటు కదిలిందా, తప్పు ప్లగ్గుది. అక్కడే ఉండిపోయిందా, తీగనో మేగ్నెటోనో అనుమానించాలి. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. నాలుగూ ఒకేసారి మార్చేసినవాడికి ఇంజను బాగుపడినా రోగమేదో తెలియదు.

ప్లగ్గును బయటికి తీసి ఎర్తుకు ఆనించి, నీలపు రవ్వ కనబడగానే బాగున్నదని తీర్మానించడం మన స్కూటరు పద్ధతి. అది చాలదు. బయటి గాలిలో దూకిన రవ్వ, సిలిండరులో ఒత్తిడికి గురైన గాలిలో దూకలేకపోవచ్చు. చుట్టలో సన్నని పగులుంటే మరీ మాయదారి వ్యవహారం. చల్లగా ఉన్నంతసేపూ పెద్దమనిషిలా నడుస్తుంది, బాగా వేడెక్కాక మొరాయిస్తుంది, నేలకు దిగి చల్లారగానే మళ్లీ ఏమీ ఎరగనట్టుంటుంది. అంచేత వేడిమీద కూడా పరీక్షించాలి.

నా ఉద్దేశంలో ఇంటి విమానాల్లో అందరూ చిన్నచూపు చూసేది ఎర్తును. స్కూటరుకు ఒళ్లంతా ఇనుము కనుక విద్యుత్తు తిరిగిరావడానికి దారి దానంతటదే ఉన్నది. విమానం చెక్కతోనో ఫైబరుతోనో చేస్తే ఆ దారి మనమే వేయాలి. ఇంజనేమో రబ్బరు దిమ్మలమీద కూర్చుంటుంది. దాన్నుంచి బ్యాటరీకి లావుపాటి జడతీగ బిగించడం మరిచారో, స్టార్టరు లాగే విద్యుత్తు దొరికిన దారిన పరుగెత్తుతుంది. పెట్రోలును అదుపుచేసే సన్నని ఉక్కుతీగె గుండా పోయి దాన్ని కాల్చేయడమూ కద్దు. పరీక్ష సులువే: స్టార్టరు తిరుగుతుండగా ఇంజను ఒంటికీ బ్యాటరీ రుణధ్రువానికీ మధ్య వోల్టుమీటరు పెట్టాలి. ముల్లు దాదాపు సున్నా దగ్గరే ఉండాలి. వోల్టు దాకా ఎగబాకిందంటే ఎక్కడో బోల్టు కింద తుప్పో రంగో ఉన్నట్టే. రేడియోలో ఇంజను వేగంతోపాటు హెచ్చే చిటచిట కూడా ఇలాంటి చాడీయే చెబుతుంది. ప్లగ్గు తీగలకు తొడిగిన లోహపు అల్లిక సరిగా ఎర్తు కాలేదని దాని అర్థం.

ప్లగ్గులు విప్పేటప్పుడు ఇంకొక్క సంగతి. చేయిజారి నేలమీద పడ్డ ప్లగ్గును తుడిచి మళ్లీ పెట్టరు, పైకి ఎంత చక్కగా కనబడినా సరే. లోపలి పింగాణీలో వెంట్రుకవాసి పగులు కంటికి ఆనదు. అందుకని దాన్ని అక్కడికక్కడే చెత్తబుట్టలో వేసి, కొత్తది తీసుకుంటారు.