ఎలుకల దాగుడుమూతలు

పిల్లలూ! మీరు దాగుడుమూతలు ఆడే వుంటారు. ఎలుకతో ఎప్పుడైనా ఆడారా? జర్మనీలోని బెర్లిన్ నగరంలో కొందరు శాస్త్రజ్ఞులు ఆడారు! ఆ సంగతి వారు 2019లో ప్రకటించారు.

ఒక గదిలో అక్కడక్కడా పెట్టెలు వుంచి, ప్రయోగశాలలో పెరిగే ఎలుకలకు ఆట నేర్పారు. దొంగ అయిన ఎలుక గదంతా వెతికి, దాక్కున్న మనిషిని పట్టుకునేది. తానే దాక్కోవలసి వస్తే, లోపలిది పైకి కనిపించే పెట్టెకన్న కనిపించని పెట్టెనే ఎంచుకుని, అందులో కిక్కురుమనకుండా కూర్చునేది!

ఇంతకూ వాటికి దొరికిన బహుమానం ఏమిటనుకున్నారు? తిండి కాదు, చక్కిలిగింతలు! ఎలుకలు సంతోషంతో గంతులు వేశాయి. మన చెవికి అందనంత సన్నగా కూతలు కూశాయి. ఆ కూతలను శాస్త్రజ్ఞులు యంత్రాలతో పట్టుకున్నారు. కొన్ని ఎలుకలైతే, దొరికిపోయాక కూడా పారిపోయి మళ్ళీ దాక్కున్నాయి!

చూశారా? మనిషి చేతిలో వున్న జంతువుకు తిండీ, నీరూ, నీడా వుంటే చాలదన్నమాట. దానికి ఆట కూడా కావాలి.

మీ ఇంట్లో గొలుసుతో కట్టిన కుక్క వున్నదా? అన్నం పెట్టి వెళ్ళిపోకండి. సాయంత్రం నాన్నగారి చేత గొలుసు విప్పించి, కాసేపు దానితో ఆడండి. దాని సంతోషం మీకే తెలుస్తుంది.