మండ్లా: ఒక చుక్క పుట్టిన చోటు

జబల్‌పూర్ నుంచి ఆగ్నేయంగా సుమారు వంద కిలోమీటర్లు పోతే మండ్లా వస్తుంది. నర్మద ఈ ఊరిని మూడు వైపులా చుట్టుకుని పారుతుంది. అవతలి ఒడ్డున మహారాజ్‌పూర్ దగ్గర బంజర్ నది వచ్చి అందులో కలుస్తుంది. ఇవతల గోండు రాజుల కోట శిథిలాలున్నాయి. కాన్హా అడవిలో పులిని చూడాలని బయల్దేరిన పర్యాటకులు చాలామంది ఈ ఊరి మీదుగానే వెళ్తారు కానీ ఆగరు. ఆగాల్సిన ఊరే ఇది. భారతీయ నైరూప్య చిత్రకళలో అందరికీ తెలిసిన ఆ నల్లటి చుక్క ఈ జిల్లాలోనే పుట్టింది.

సయ్యద్ హైదర్ రజా 1922 ఫిబ్రవరి 22న ఈ జిల్లాలోని బబరియాలో పుట్టారు. తండ్రి అటవీ శాఖలో డిప్యూటీ రేంజర్. ఇల్లు అడవిలోనే. రజా పెద్దయ్యాక తన కళ గురించి ఎవరు అడిగినా ముందు ఆ అడవి రాత్రుల గురించే చెప్పేవారు. పొద్దు గూకితే చుట్టూ చిక్కటి చీకటి, అందులో ఏవో కదలికలు, పిల్లవాడి గుండెల్లో భయం. గోండుల ఆటపాటలున్న రాత్రి మాత్రం మనుషుల అలికిడి తెలిసేది. తెల్లవారితే ఆ భయమంతా పోయేది. సంత రోజున అదే అడవి రంగులతో నిండిపోయేది. ఆయన బొమ్మల్లో నలుపు ఎందుకంత బరువుగా ఉంటుందో, దాని పక్కన ఎరుపూ పసుపూ ఎందుకంత ధైర్యంగా నిలబడతాయో తెలుసుకోవడానికి నాకు ఏ కళా సిద్ధాంతం కన్నా ఈ జ్ఞాపకమే ఎక్కువ ఉపయోగపడింది.

కకైయాలో ప్రాథమిక పాఠశాల. పిల్లవాడి మనసు చదువు మీద నిలిచేది కాదు. చెట్ల మీదికో, పిట్టల మీదికో పోయేది. నందలాల్ ఝరియా అనే మాస్టారు ఒకరోజు వరండా గోడ మీద ఒక చుక్క పెట్టి, మిగతావన్నీ మరిచిపోయి దాన్నే చూస్తూ కూర్చోమన్నారు. ఆ మాస్టారు బెత్తం తీసుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. ఆ చుక్క మళ్లీ బయటికి రావడానికి మాత్రం దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

ఆ యాభై ఏళ్లూ దూరాల కథ. దమోహ్‌లో హైస్కూలు, నాగ్‌పూర్‌లో చిత్రకళ, ఆ తర్వాత బొంబాయి జె.జె. స్కూల్. 1947లో సూజా, హుస్సేన్, ఆరా, బాక్రే, గాడేలతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్. దేశ విభజన తర్వాత కుటుంబంలో చాలామంది పాకిస్తాన్ వెళ్లిపోయినా రజా కదల్లేదు. 1948లో కశ్మీర్‌లో ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు కార్తియే బ్రెసోఁ ఆయన బొమ్మలు చూసి, ప్రతిభ ఉంది కానీ బొమ్మల్లో నిర్మాణం లేదని, ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్‌ను చదవమని చెప్పారు. మరొకరైతే నొచ్చుకునేవారు. రజా ఫ్రెంచి నేర్చుకుని 1950లో స్కాలర్‌షిప్ మీద పారిస్ వెళ్లారు. 1956లో అక్కడి విమర్శకుల పురస్కారం గెలుచుకున్నారు. ఫ్రాన్స్ దేశస్థుడు కాని చిత్రకారుడికి ఆ పురస్కారం దక్కడం అదే మొదటిసారి.

పేరు వచ్చింది, బొమ్మలు అమ్ముడుపోతున్నాయి. ఫ్రెంచి ఊళ్లనూ చర్చిలనూ దట్టమైన రంగులతో కట్టినట్టు వేస్తున్నారు. చాలామంది జీవితాంతం అక్కడే ఉండిపోయేవారు. 1962లో అమెరికాలోని బర్క్లీలో పాఠాలు చెప్పడానికి వెళ్లినప్పుడు అక్కడి చిత్రకారుడు రాత్కో చిత్రాలు ఆయన్ని కుదిపాయి. ఆకారం లేకుండా రంగు ఒక్కటే మనిషిని అంత లోతుకు తీసుకుపోగలదా అన్న ప్రశ్న ఆయనలో పడింది. ఎలా వేయాలో పారిస్ నేర్పింది. ఏం వేయాలో మాత్రం తన నేలనే అడగాలని ఆయనకు అర్థమైంది. మళ్లీ మళ్లీ ఇండియా వచ్చారు. రాజస్థాన్, గుజరాత్, కాశీ తిరిగారు, మండ్లాకూ వచ్చారు. 1970ల చివరికి కాన్వాస్ మీద ఆ చుక్క కనిపించింది, బిందువుగా. దాని చుట్టూ త్రికోణాలు, చతురస్రాలు, పంచభూతాలకు అయిదు రంగులు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఆయన బిందువును వదల్లేదు. వేసిందే వేస్తున్నారన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. చివరి ఏళ్ల బొమ్మల్లో కొన్ని పల్చబడ్డాయన్నది నిజమే. ఆయన మాత్రం దాన్ని జపంతో పోల్చేవారు. ఈ విషయంలో నేను ఆయన పక్షమే. ఒకే వస్తువు దగ్గర అంతకాలం కూర్చోగలగడమే సృజన జీవితంలో అన్నిటికన్నా కష్టమైన పని. కొత్త కొత్త వస్తువులు పట్టుకోవడం దాని ముందు సులువు.

రజా 1989లో వేసిన ‘జెస్టేషన్’ 2023లో ముంబై వేలంలో 51.75 కోట్లు పలికింది. పత్రికలన్నీ ఆ అంకెను రాశాయి. ఆ బొమ్మ మధ్యలో ఏముందో రాసినవి తక్కువ. ఉన్నది బిందువే.

ఈ నేల ఇచ్చిన చిత్రకారుడు రజా ఒక్కరే కాదు. అప్పట్లో మండ్లా జిల్లాలోనే ఉన్న పాటన్‌గఢ్‌లో (ఇప్పుడు దిండోరి జిల్లా) జన్‌గఢ్ సింగ్ శ్యామ్ ఇళ్ల గోడల మీద బొమ్మలు వేసేవారు. 1981 ప్రాంతంలో భోపాల్‌లోని కళాకేంద్రం భారత్ భవన్ కోసం తిరుగుతున్న బృందం కంట అవి పడ్డాయి. ఆయన పర్ధాన్ గోండు, మన ఆదిలాబాద్ ప్రధానులకు బంధువు వరస. ఆయన జింకలూ దేవతలూ సన్నటి చుక్కలతో, గీతలతో నిండి ఉంటాయి. పారిస్ పాంపిడూ సెంటర్ 1989లో జన్‌గఢ్ చిత్రాలను ప్రదర్శించింది, 2023లో రజా చిత్రాలను. చదువుకున్నవాడి కళ ఒకటి, ఆదివాసి కళ ఒకటి అని మనం గీసుకున్న గీత మండ్లాలో నిలవదు.

భార్య జానీన్ 2002లో పోయాక రజా ఫ్రాన్స్‌లో ఒంటరివారయ్యారు. 2010 చివర్లో ఢిల్లీకి వచ్చేసి, తొంభై దాటినా రోజూ కాన్వాస్ ముందు కూర్చున్నారు. 2016 జులై 23న కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు మండ్లాలో తండ్రి సమాధి పక్కనే ఖననం చేశారు. ఆయన పెట్టిన రజా ఫౌండేషన్ ఆ ఊళ్లో స్మారక కార్యక్రమాలు జరుపుతోంది, స్థానిక పిల్లల చేత రంగులు పట్టిస్తోంది.

నైరూప్య చిత్రం ముందు నిలబడి ‘చుక్కేగా, ఇందులో ఏముంది’ అనుకుని కదిలిపోయినవారికి ఒక విన్నపం. ఆ మాట అన్నందుకు సిగ్గుపడక్కర్లేదు, కానీ ఒకసారి మండ్లా వెళ్లి రండి. హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్, నాగ్‌పూర్ మీదుగా సివనీ దాకా 44వ జాతీయ రహదారి ఒక్కటే. అక్కడి నుంచి ఈశాన్యంగా తిరగాలి. వానలు తగ్గాక వెళ్లండి. పులి కోసం కాన్హాకు పరుగెత్తే ముందు ఈ ఊళ్లో ఒక్క రాత్రయినా ఉండండి, నర్మద ఒడ్డుకు వెళ్లండి, ఆ పైన ఎక్కడ రజా చిత్రం కనిపించినా దాని ముందు కాసేపు ఆగండి.