ప్లగ్గు మార్చాలంటే ముందు ఇంజను చల్లారాలి

కూరగాయలు, పూలు, పాలు మార్కెట్టుకు చేర్చేందుకు చాలామంది రైతులు చిన్న పెట్రోలు ట్రక్కులు వాడుతున్నారు. తెల్లవారుజామున బండి మొరాయిస్తే సరుకు వాడిపోతుంది, బేరం పోతుంది. దీనికి స్పార్కు ప్లగ్గులు అరిగిపోవడం ఒక కారణం కావచ్చు. స్టార్టు కావడానికి సతాయించడం, ఇంజను కొట్టుకొట్టి ఆడటం, లోడుతో ఎత్తు ఎక్కలేకపోవడం, పెట్రోలు ఎక్కువ తాగడం దీని లక్షణాలు. డీజిలు బండికి ఈ ప్లగ్గులుండవు.

ప్లగ్గులు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. కానీ తొందర పనికిరాదు. ఇప్పటి ఇంజన్ల హెడ్డు ఎక్కువగా అల్యూమినియంతో చేసినదే. వేడి మీద విప్పినా, బలవంతంగా బిగించినా అందులోని మరలు, అంటే త్రెడ్డు, దెబ్బతింటాయి. చిన్న ప్లగ్గుతో పోయేది హెడ్డు విప్పేదాకా వస్తుంది.

విప్పేటప్పుడు...

బండిని చదునైన చోట నిలిపి హ్యాండుబ్రేకు వేయండి. చక్రాలకు రాళ్లు పెట్టండి. ఇంజను పూర్తిగా చల్లారాలి. రాత్రి నిలిపిన బండికి పొద్దున్నే చేయడం మేలు. తాళం తీసేసి బేటరీ నెగిటివ్ తీగ విప్పండి. దగ్గరలో బీడీ, దీపం ఉండకూడదు. సీఎన్జీ బండి అయితే సిలిండరు వాల్వు కట్టేయండి. గ్యాసు వాసన వస్తే చేయి పెట్టకుండా మెకానిక్కును పిలవండి.

ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్మును గాలితో ఊదేయాలి. లేకుంటే మట్టి సిలిండరులో పడుతుంది. క్యాపును పట్టుకుని లాగండి, తీగను లాగొద్దు. ఒకటి విప్పి, కొత్తది బిగించాకే రెండోదాని జోలికి వెళ్లండి. అప్పుడు తీగలు తారుమారు కావు.

బిగించేటప్పుడు...

బండితో వచ్చిన పుస్తకంలో రాసిన నంబరు ప్లగ్గునే కొనండి. గ్యాపు కూడా అందులో ఉన్నట్టే ఉండాలి. ప్లగ్గు పైకొనకు పాత రబ్బరు గొట్టం ముక్క తొడిగి, చేత్తోనే తిప్పండి. మరలు వంకరగా పడితే రబ్బరు జారుతుంది. అప్పుడు వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. చేత్తో పూర్తిగా దిగాక పానాతో వాచరున్న కొత్త ప్లగ్గును సుమారు అర చుట్టు తిప్పితే చాలు. వాచరు లేని రకానికి చుట్టులో పదహారో వంతు సరిపోతుంది.

పాత ప్లగ్గు కొనను చూడండి. లేత గోధుమ లేదా బూడిద రంగుంటే ఇంజను బాగున్నట్టే. పొడి నల్లమసి ఉంటే ఎయిర్ ఫిల్టరు చూసుకోవాలి. జిడ్డుగా ఉంటే ఆయిలు లోపలికి వస్తోందని, తెల్లగా కాలి బొబ్బలెక్కితే ఇంజను వేడెక్కుతోందని అర్థం. చివరి రెండింటికీ కొత్త ప్లగ్గు మందు కాదు, మెకానిక్కుకు చూపించాలి.